పంజరం మాయం, సినిమా ప్రత్యక్షం

1896 ఆగస్టు 22, శనివారం. చీకటి పడింది. మెల్బోర్న్‌లో ఆగస్టంటే చలికాలం. కోటు గుండీలు పైదాకా పెట్టుకుని నాతో నడవండి. బర్క్ స్ట్రీట్ ఇక్కడి నుంచి తూర్పుకు మెల్లగా ఎత్తెక్కుతుంది. రోడ్డు మీద ట్రాము పట్టాల నడుమ సన్నటి నెర్ర కనిపిస్తోందా? దాని కింద ఇనపతాడు ఆగకుండా పరిగెడుతుంటుంది. ట్రాము ఆ తాడును పట్టుకుంటే కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది. గుర్రం లేదు, పొగా లేదు. ఇలాంటి వింతలకు ఈ ఊరు ఎప్పుడో అలవాటు పడిపోయింది. ముందు బంగారం, తర్వాత భూముల బేరం తెచ్చిన డబ్బుతో ఈ పెద్ద భవనాలన్నీ లేచాయి. 1893లో బ్యాంకులు వరసగా తలుపులు మూసుకున్నాక ఆ డబ్బు ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు. అలాంటి రోజుల్లో కూడా జేబులో చిల్లర మిగిలినవాడు శనివారం రాత్రి ఈ గుమ్మం దగ్గరికే వస్తాడు.

గుమ్మం మీద ఒపెరా హౌస్ అని ఉంది. లోపల ఒపెరా ఉండదు. పాటలు, డాన్సులు, ముఖానికి మసి పూసుకుని నవ్వించేవాళ్ళు, కసరత్తులు, గారడీ... గంటకో రుచి చొప్పున వడ్డించే వెరైటీ ఆట ఇది. నడిపేది హ్యారీ రిక్కర్డ్స్. ఇంగ్లండులో పుట్టి, స్టేజీ మీద హాస్యపు పాటలు పాడి, చివరికి తనే థియేటర్లు పట్టిన మనిషి. సిడ్నీలో గ్యారిక్ థియేటరు తీసుకుని దానికి టివోలి అని పేరు మార్చాడు. ఇక్కడ ఈ హాలు. తరచూ లండన్ వెళ్ళి అక్కడ పేరున్నవాళ్ళను ఓడెక్కించుకు రావడం అతని పద్ధతి. ఈసారి తెచ్చినవాడు గారడీవాడు కార్ల్ హెర్ట్జ్.

మనం పైకెక్కాలి. ఒకప్పుడు మన సినిమాహాళ్ళలో బీదవాడు నేల టికెట్టు కొని తెరకు దగ్గరగా కింద కూర్చునేవాడు, డబ్బున్నవాడు బాల్కనీ ఎక్కేవాడు. ఇక్కడ తిరగబడ్డ లెక్క. బీదవాడికి పైకప్పు కింద గ్యాలరీ, దొరలకు కింద మెత్తటి కుర్చీలు. ఒక రకంగా మనకే లాభం. గారడీవాడి చేతులు పైనుంచే బాగా కనిపిస్తాయి.

అదుగో, వచ్చాడు. వయసు ముప్ఫయ్యేడు. పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో, 1859 మే 14న. ఇంట్లో పెట్టిన పేరు మోర్గెన్‌స్టైన్. స్టేజీ కోసం హెర్ట్జ్ అయ్యాడు. 1884లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి హాళ్ళలో నిలదొక్కుకున్నాడు. పక్కన సాయపడే అమ్మాయి ఎమిలీ డాల్టన్, ఆయన భార్య. మనిషిని మాయం చేయాల్సిన ఐటం వస్తే మాయమయ్యేది ఎప్పుడూ ఆవిడే. కుర్చీలో కూర్చోబెట్టి పైన పట్టుగుడ్డ కప్పి లాగేస్తే కుర్చీ ఖాళీ అయ్యే ఆ ఐటం ఫ్రెంచివాడు బువాతియే ద కోల్తా 1886లో పారిస్‌లో సృష్టించాడు. హెర్ట్జ్ దాన్ని అందిపుచ్చుకుని ఊరూరా తిప్పాడు. గారడీ లోకంలో కొత్త ఐటం కనిపెట్టేవాడు ఒకడు, దాంతో పేరు తెచ్చుకునేవాడు ఇంకొకడు. హెర్ట్జ్ రెండో రకం. తీసిపారేయడానికి అంటున్న మాట కాదిది. కాసేపట్లో జరగబోయేదానికి కావలసినవాడు ఆ రెండో రకం మనిషే.

ఇప్పుడు ఆయన చేతుల్లో చూడండి. చిన్న తీగల పంజరం, లోపల కెనరీ పిట్ట. ఇది కూడా కోల్తా ఐటమే. ఎక్కడికెళ్ళినా హెర్ట్జ్ దీన్ని వదలడు. పంజరాన్ని రెండు అరచేతుల మధ్య చెరో పక్కా పట్టుకుని ముందుకు వస్తాడు. బల్ల లేదు, గుడ్డ లేదు, ఏ మూతా లేదు. ఒకటి, రెండు అంటాడు. మూడు అనేసరికి చేతులు ఒక్క విదిలింపు విదిలిస్తాడు. చేతులు అలాగే ఉన్నాయి. మధ్యలో గాలి. పంజరమూ లేదు, పిట్టా లేదు. మీ పక్కనున్నాయన ముందుకు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. మన ఊళ్ళలో గారడీవాడు టోపీ బోర్లించి, డప్పు కొట్టించి, నాలుగు మాటలు చెప్పి దృష్టి మళ్ళిస్తాడు. ఇక్కడ మళ్ళించడానికి వ్యవధే లేదు. కన్ను పట్టుకోగలిగిన వేగం ఒకటుంటుంది. పని అంతకంటే త్వరగా అయిపోతుంది, అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అవసరం పడుతుంది.

లోపల ఏదో సర్దుతున్నారు. తెర లేచేలోపు ఆ సరంజామా ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పేస్తాను.

అయిదు నెలల కింద, మార్చి చివరి వారం, లండన్. హాటన్ గార్డెన్‌లో విద్యుత్ పరికరాలు తయారుచేసే రాబర్ట్ పాల్ అనే కుర్ర ఇంజనీరు ఒక యంత్రం చేశాడు. పేరు థియేట్రోగ్రాఫ్. ఫిల్ముపై ఉన్న బొమ్మలను తెర మీద కదిలిస్తుంది. ఫ్రాన్సు నుంచి లూమియేర్ సోదరుల యంత్రం లండన్‌లో తొలిసారి ఆడిన ఫిబ్రవరి 20నే పాల్ కూడా తనదాన్ని ఒక సాంకేతిక కళాశాలలో ఆడించి చూపించాడు. మార్చి 25 నుంచి అల్హంబ్రా హాల్లో రోజూ ఆట. హెర్ట్జ్ 28న దక్షిణాఫ్రికా ఓడ ఎక్కాలి. ఆ మూడు రోజుల్లోనే దాన్ని చూశాడు, కావాలన్నాడు. ఒక యంత్రం పాడైతే ఇంకోటి ఉండాలి కాబట్టి ఇవ్వనన్నాడు పాల్. తను ధర పెంచుకుంటూ పోయాననీ, చివరికి ఓడ ఎక్కే ముందు రాత్రి నూరు పౌన్ల నోట్లు ముందు పెట్టి అప్పటికప్పుడు యంత్రం విప్పించుకుని తెచ్చుకున్నాననీ హెర్ట్జ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ నెలల్లో ఈ యంత్రాల కోసం ఎగబడ్డవాళ్ళలో ఎందరు గారడీవాళ్ళో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. లండన్ ఈజిప్షియన్ హాల్లో ఇంద్రజాలికుడు డేవిడ్ డెవంట్ హెర్ట్జ్ కన్నా వారం ముందే పాల్ యంత్రంతో ఆట మొదలుపెట్టాడు. పారిస్‌లో రాబర్ట్ హూదాఁ గారడీ థియేటరు యజమాని జార్జ్ మెలియెస్ లూమియేర్లను అడిగి లేదనిపించుకుని, పాల్ దగ్గర యంత్రం సంపాదించాడు. శాస్త్రవేత్తలు దీన్ని కదలికను పరిశీలించే పరికరమనుకున్నారు. డబ్బున్నవాళ్ళు నాలుగు నెలల మోజు అనుకున్నారు. చీకటి హాల్లో నోరు తెరుచుకుని కూర్చున్న జనం ముఖాలు రోజూ చూసే గారడీవాడికి మాత్రం వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నార్మన్ అనే ఆ ఓడ మీదే ప్రయాణికులకు హెర్ట్జ్ బొమ్మలు ఆడించి చూపించాడు. మే నెలలో జొహానెస్‌బర్గ్ ఎంపైర్ హాల్లో చూపించాడు. దక్షిణాఫ్రికా చూసిన తొలి సినిమా అది. పెట్టె మళ్ళీ ఓడెక్కి హిందూ మహాసముద్రం దాటింది. అయిదు రోజుల కింద, 17న, ఇదే హాల్లో ముందుగా పిలిచిన కొద్దిమందికి ఆడించారు. టికెట్టు కొన్న జనానికి ఈ రాత్రే మొదటిది.

దీపాలు తగ్గిస్తున్నారు. ఇంత పెద్ద హాలు మొత్తం చీకటి కావడం చూశారా ఎప్పుడైనా? ఈ జనమూ పెద్దగా చూసుండరు. గ్యాలరీలో ఈల. ఎవరో గదమాయించారు. స్టేజీకి అడ్డంగా తెల్లగుడ్డ. దాని మీద వెలుగు చదరం ఒకటి పడి వణుకుతోంది. ఇక్కడి కరపత్రాల్లో దీన్ని సినిమాటోగ్రాఫ్ అని వేయించాడు హెర్ట్జ్. నిజానికి ఆ పేరు లూమియేర్లది, యంత్రం పాల్‌ది. పేరున్న సరుకు పేరు పెట్టుకుంటే తప్పేముంది అనుకునే రకం అని చెప్పాను కదా.

బొమ్మ పడింది. ఒక ఆడమనిషి గౌను అంచులు రెండు చేతులా పట్టుకుని గిర్రున తిరుగుతోంది. గుడ్డ అలలా లేస్తోంది, వాలుతోంది. ఒక్క నిమిషం కూడా గడవకుండానే అయిపోయింది. నలభై అడుగుల ఫిల్ము అంతకన్నా ఏం వస్తుంది? తెల్ల చదరం మళ్ళీ వణికింది. తర్వాతది లండన్ వీధి. గుర్రపు బస్సులు మన మీదికే వచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. టోపీ సర్దుకుంటూ ఒకడు దాటాడు, వాడికి మనం ఉన్నట్టే తెలియదు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆ ఊరు అమ్మానాన్నల ఊరో, తమ ఊరో. ఓడలో అయిదారు వారాల దూరం. ఉత్తరం వస్తే నెల దాటిన కబురు. అలాంటి ఊరు, బళ్ళు తిరుగుతూ, ఇప్పుడే, ఇక్కడే. మీరు ఫోన్లో గుంటూరు బ్రాడీపేట వీధి చూసుకుని ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేకపోయిన రోజు ఉంటే ఈ గ్యాలరీ ఎందుకింత నిశ్శబ్దమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత సముద్రం. గోడకు అల కొట్టుకుని తుంపర లేచింది. ముందు వరసలవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారనో, కుర్చీలు తన్నుకుని పరిగెత్తారనో నా చేత చెప్పించాలని చూడకండి. తెర మీద రైలు చూసి జనం పారిపోయారన్న కథ పారిస్‌లో పుట్టింది, దానికే గట్టి రుజువు లేదు. జనం అంత అమాయకులు కారు. గారడీ అని తెలిసే టికెట్టు కొన్నారు. బొమ్మ అని తెలిసే చూస్తున్నారు. చూసింది చాలక ఇంకా కావాలంటున్నారు. అసలు విశేషం అదీ.

యంత్రం దగ్గరికి వెళ్ళి చూద్దాం రండి. చేత్తో తిప్పే మర ఇది. లోపల చుక్క ఆకారంలో పళ్ళున్న చక్రం. పిడి తిరుగుతుంటే ఈ చక్రం మాత్రం కుదుపుతో తిరుగుతుంది. ఒక బొమ్మను లాగి కిటికీ ముందు నిలబెడుతుంది, క్షణంలో చిన్న వంతు ఆపుతుంది, గబుక్కున తర్వాతదాన్ని లాగుతుంది. లాగడం ఎంత త్వరగా అయిపోతుందంటే మన కన్ను దాన్ని పట్టుకోలేదు. ఆగిన బొమ్మలను మాత్రమే పోగుచేసుకుని కదిలిందనుకుంటుంది. పంజరం విదిలింపు గుర్తుందా? అక్కడ ఆ మెరుపు క్షణంలో ఉన్నది లేకుండా పోయింది. ఇక్కడ అలాంటి క్షణాలు వందల కొద్దీ ఒకదాని వెంట ఒకటి వచ్చి, లేనిదాన్ని ఉన్నట్టు చేశాయి. హెర్ట్జ్ ఈ సంగతి ఎక్కడా ఇలా చెప్పలేదు. కానీ పంజరం ఐటం చేసేవాడు ఈ మర చూసి ఎందుకు ఓడ ఎక్కేలోపే కొనేయాలనుకున్నాడో నాకు ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

వేడి తగులుతోందా? ఫిల్ము సెల్యులాయిడ్, నిప్పు తాకితే చాలు. వచ్చే ఏడాది మే 4న పారిస్‌లో ఒక ధర్మసంతలో బొమ్మలాడించే దీపం అంటుకుని నూట ఇరవై మందికి పైగా పోతారు. అది ఇక్కడ ఇంకా ఎవరికీ తెలియదు. పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకుని పిడి తిప్పుకుంటూ పోవడమే.

ఆస్ట్రేలియా కదిలే బొమ్మ చూడడం నిజానికి ఇది మొదటిసారి కాదు. 1894 నవంబరు చివర మక్‌మహన్ సోదరులు సిడ్నీ పిట్ స్ట్రీట్‌లో ఎడిసన్ కినెటోస్కోపులు పెట్టారు. పెట్టె పైన చిన్న కంతలోంచి ఒక్కడే వంగి చూడాలి. దేశమంతా తిరిగాయవి. తేడా ఏమిటంటే, అక్కడ ఒకడు చూసి లేచి వెళ్ళాక ఇంకొకడు వంగుతాడు. ఇక్కడ వెయ్యిమంది ఒకేసారి నవ్వారు. నా లెక్కలో సినిమా అంటే ఆ రెండోదే. అందుకే ఈ దేశపు సినిమా పుట్టినరోజు ఈ శనివారానికే రాస్తాను.

ఈ ఘనతను లూమియేర్ల మనిషికి కట్టబెట్టేవాళ్ళున్నారు. ఆయన పేరు మారియస్ సెస్తియే. మనకు కొత్తవాడు కాదు. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో మన దేశపు తొలి సినిమా ఆడించిన మనిషి అతనే. ఆ విధంగా బొంబాయి మెల్బోర్న్ కన్నా నెలన్నర ముందుంది. అక్కడి నుంచి ఓడెక్కి సెప్టెంబరు మధ్యలో సిడ్నీలో దిగాడు. అదే నెలలో హెర్ట్జ్ కూడా సిడ్నీ టివోలిలో ఆట పెట్టేశాడు. సెస్తియే నెలాఖరుకు పిట్ స్ట్రీట్‌లో హాలు తెరిచి, అసలైన లూమియేర్ యంత్రం మాదే అని చాటుకోవాల్సి వచ్చింది. కాకపోతే అతని పెట్టె ఆడించడమే కాదు, బొమ్మ తీయగలదు కూడా. ఫొటోగ్రాఫరు వాల్టర్ బార్నెట్‌తో కలిసి నవంబరు 3న ఫ్లెమింగ్టన్‌లో మెల్బోర్న్ కప్పు గుర్రప్పందెం తీశాడు. ఆ ఏడు గెలిచిన న్యూహేవెన్ ఇవాళ్టికీ ఆ ఫిల్ములో కనిపిస్తుంది. హెర్ట్జ్ దగ్గర కెమెరా లేదు. ఆయన తెచ్చింది పరాయి ఊరి బొమ్మలే. తీసినవాడికి దక్కాల్సింది తీసినవాడికి ఇవ్వాలి. తెర మీద తొలి రాత్రి మాత్రం గారడీవాడిదే.

ఆస్ట్రేలియా అయ్యాక ఆ పెట్టె సిలోన్, ఇండియా, చైనా, జపాన్, ఫిజీ, హవాయి చూసింది. మన దేశం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. దాదాసాహెబ్ ఫాల్కే సినిమాల్లోకి రాకముందు ఒక జర్మన్ గారడీవాడి దగ్గర విద్య నేర్చి, తన పేరు తిరగేసి ప్రొఫెసర్ కెల్ఫా అనే పేరుతో ప్రదర్శనలిచ్చాడు. ఆ గారడీవాడు కార్ల్ హెర్ట్జేననీ, లూమియేర్లు జీతమిచ్చి పంపిన మనిషనీ రాస్తుంటారు. హెర్ట్జ్ జర్మన్ కాదు, పేరు మాత్రం అలా ధ్వనిస్తుంది. లూమియేర్ల ఉద్యోగి అంతకన్నా కాదు. పాల్ యంత్రాన్ని సొంత డబ్బుతో కొనుక్కున్నవాడు. ఎంత అందంగా ఉన్నా ఆ గురుశిష్యుల కథను నేను నమ్మను. మన రఘుపతి వెంకయ్యతో పోలిక మాత్రం నిలుస్తుంది. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటోలు తీసి, క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, దాన్ని మోసుకుని సిలోన్, బర్మా దాకా తిరిగాడాయన. ఆయన తిరగడం ఆపి మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు, కొడుకు ప్రకాశ్‌ను ఫిల్ములు తీయడం నేర్చుకురమ్మని విదేశాలకు పంపాడు. హెర్ట్జ్ ఎక్కడా ఏమీ కట్టలేదు. తిరుగుతూనే ఉన్నాడు.

బర్క్ స్ట్రీట్‌కి మళ్ళీ వద్దాం. ఈ రాత్రి తర్వాత పదేళ్ళకు, 1906 డిసెంబరు 26న, ఇక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో కాలిన్స్ స్ట్రీట్ అథీనియం హాల్లో నెడ్ కెల్లీ అనే బందిపోటు కథ తెర మీద గంటకు పైగా ఆడింది. అంత నిడివి కథాచిత్రం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. రిక్కర్డ్స్ పాత ఒపెరా హౌస్ పడగొట్టించి 1901లో కొత్తది కట్టాడు. 1910 ఫిబ్రవరిలో ఆ స్టేజీ ఎక్కినవాడు హారీ హూడినీ. గొలుసులు కట్టించుకుని క్వీన్స్ బ్రిడ్జి మీంచి యారా నదిలోకి దూకి జనాన్ని పోగుచేసిందీ, మార్చి 18న డిగ్గర్స్ రెస్ట్ పొలాల్లో విమానం ఎగరేసిందీ ఆ పర్యటనలోనే. మెల్బోర్న్ శివార్లలో తార్నీట్, మెల్టన్ వైపు ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళు సన్‌బరీ వెళ్తూ ఆ ఊరి పేరు బోర్డు మీద చూసే ఉంటారు. హూడినీ కూడా తర్వాత సొంత సినిమా కంపెనీ పెట్టాడు, అందులో డబ్బు పోగొట్టుకున్నాడు.

ఇంకొక్క హాలు చూసి ఆపేద్దాం. 1921, లండన్, పార్లమెంటు. ఆటల్లో జంతువులను హింసిస్తున్నారా అని విచారించే కమిటీ గది. బల్ల చుట్టూ సభ్యులు. హెర్ట్జ్ జుట్టు నెరిసింది. పంజరం ఐటంలో ప్రతి ఆటకూ ఒక పిట్ట నలిగి చస్తుందన్నది ఆరోపణ. లైట్లు లేవు, వాద్యం లేదు, పగటి వెలుతురు, మూడడుగుల దూరంలో అనుమానంతో చూసే కళ్ళు. ఒకటి, రెండు, మూడు. పంజరం లేదు. కాసేపటికి అదే పిట్టను ప్రాణాలతో తెచ్చి చూపించాడు. ఈ పాతికేళ్ళలో వెరైటీ హాళ్ళు ఒక్కొక్కటే సినిమాహాళ్ళుగా మారిపోతున్నాయి. మెల్బోర్న్‌లో ఆ రాత్రి తన కార్యక్రమంలో ఒక ఐటంగా ఆయన దూర్చిన బొమ్మే మిగతా ఐటాలన్నింటినీ మింగేస్తోంది. ఆయన మాత్రం పంజరం వదల్లేదు.

1924 మార్చి 20న కావెంట్రీలో కన్నుమూశాడు. ఒపెరా హౌస్ తర్వాత టివోలి అయింది, 1960లలో మూతపడి కాలిపోయింది. ఇప్పుడు అక్కడ టివోలి ఆర్కేడ్ అనే షాపుల వరస ఉంది. ‘ఎ మోడర్న్ మిస్టరీ మర్చెంట్’ అనే ఆత్మకథ ఆయన చనిపోయిన ఏడాదే అచ్చయింది. దొరికితే చదవండి, హాయిగా సాగుతుంది. తేదీ, డబ్బు లెక్క కనిపించిన చోటల్లా మాత్రం ఆనాటి పత్రికలతో సరిచూసుకోండి. రాసినవాడు గారడీవాడు.